ఇంట్లో చెప్పేవాళ్లు లేని పిల్లలు
(ఎస్.ఆర్. శంకరన్ స్మారకోపన్యాస పాఠం)



శంకరన్ గారి పేరు మీద జరిగే సభలో, ఇక్కడ ముందు వరుసల్లో కూర్చున్న హాస్టల్ పిల్లల గురించి తప్ప ఇంకో విషయం మాట్లాడాలని నాకు అనిపించలేదు. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చినప్పుడు ఆ కబురు జీతగాళ్ల గుడిసెల దాకా చేరాలని పట్టుబట్టిన అధికారి ఆయన. 1980లలో సాంఘిక సంక్షేమ శాఖ ముఖ్య కార్యదర్శిగా ఉంటూ దళిత పిల్లల గురుకుల పాఠశాలలకు పునాది వేశారు. రిటైరయ్యాక కూడా, 2010 అక్టోబరులో కన్నుమూసేదాకా, తన పింఛను డబ్బుతో పేదపిల్లల్ని చదివించారు. చట్టం చేయడంతో ప్రభుత్వం పని అయిపోయిందని ఆయన ఎప్పుడూ అనుకోలేదు. హక్కు ఉందన్న సంగతి మనిషికి ఎవరు చెప్పాలి, చెప్పాక అతని వెనక ఎవరు నిలబడాలి అన్నదాకా ఆలోచించారు.

ఈ సాయంత్రం ఆ ప్రశ్ననే పదో తరగతి పిల్లల విషయంలో అడుగుతాను. జీతగాడి కొడుకును బడికి తేవడం శంకరన్ గారి తరం చేసిన పోరాటం. ఆ ఇంటి పిల్లలు ఇవాళ పదో తరగతి పాసవుతున్నారు. పాసై బడి గేటు దాటాక వాళ్లకు దారి ఎవరు చెబుతున్నారు?

నేను ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో ఎకనామిక్స్ చెప్పి రిటైరయ్యాను. ప్రతి జూన్‌లోనూ అడ్మిషన్ల బల్ల దగ్గర కూర్చునేవాళ్లం. దరఖాస్తు తీసుకుని వచ్చిన పిల్లను "ఏ గ్రూపమ్మా?" అని అడిగితే తల పక్కకు తిప్పి స్నేహితురాలి వైపు చూసేది. స్నేహితురాలు సీఈసీ అంటే తనూ సీఈసీ. పక్కన నిలబడ్డ తల్లి, "మీరే ఏదో ఒకటి రాయండి సార్, మాకేం తెలుసు" అనేది. ఆ మాటలో నిర్లక్ష్యం ఇసుమంత కూడా లేదు. కూలి మానుకుని, కొంగున బస్సు చార్జీ ముడేసుకుని వచ్చిన తల్లి ఆమె. ఆమెకు నిజంగానే తెలియదు. తెలిసే అవకాశం ఆమెకు ఎవరూ ఇవ్వలేదు.

చదువుకున్న ఇంట్లో పుట్టిన పిల్లవాడి సంగతి వేరు. వాడికి ఎవరూ ప్రత్యేకంగా కూర్చోబెట్టి చెప్పరు. అన్నం తినేటప్పుడు, పెళ్లిళ్లలో, పండగలకు చుట్టాలు వచ్చినప్పుడు వాడి చెవిన పడుతూనే ఉంటుంది: పెద్దమ్మ కొడుకు సీఏ ఎందుకు మానేశాడు, బాబాయి కూతురు ఫార్మసీలో చేరి ఏం చేస్తోంది, ఏ కాలేజీలో ఫీజు కట్టి మోసపోయారు, ఏ పరీక్షకు ఎప్పుడు దరఖాస్తు పెట్టాలి. పదో తరగతికి వచ్చేసరికి పదిమంది జీవితాల పటం వాడి బుర్రలో ఉంటుంది. తాపీమేస్త్రీ ఇంట్లో ఆ పటం లేదు. ఆ ఇంటి పిల్లకు తెలివి తక్కువ కాదు, పట్టుదల తక్కువ కాదు. చదువుకున్న మేనమామ ఒక్కడు లేడు, అంతే. ఆ మేనమామ పని బడి చేయాలన్నదే నేను ఇవాళ చెప్పదలచుకున్నది.

బడి ఆ పని చేయనప్పుడు ఆ ఖాళీని వేరేవాళ్లు నింపుతారు. సంక్రాంతి దాటాక పదో తరగతి పిల్లల ఇళ్లకు ఫోన్లు మొదలవుతాయి. ఏ బడిలో ఎవరు చదువుతున్నారు, తండ్రి ఫోన్ నంబరేమిటి అన్న జాబితాలు చేతులు మారతాయి. పరీక్షలు కూడా రాయకముందే ప్రైవేటు కాలేజీ పీఆర్వో ఇంటికి వచ్చి, "ఇప్పుడు సీటు బుక్ చేసుకుంటే ఫీజులో తగ్గింపు" అంటాడు. తల్లిదండ్రుల జీవితంలో తమ పిల్ల చదువు గురించి ఇంటికొచ్చి మాట్లాడిన మొదటి చదువుకున్న మనిషి అతనే. అందుకే నమ్ముతారు. ఆ పీఆర్వోల మీద నాకు కోపం లేదు. వాళ్లలో చాలామంది అదే కాలేజీలో పాఠం చెప్పే లెక్చరర్లు. ఇన్ని అడ్మిషన్లు తేవాలని లెక్క పెడితే, ఆ లెక్క తీరితేనే వేసవి జీతం అంటే, ఎండలో ఊళ్లు పట్టుకు తిరుగుతారు. కానీ అతను తన కాలేజీలో ఉన్న రెండు గ్రూపుల గురించే చెప్పగలడు. పాలిటెక్నిక్ సంగతి ఎందుకు చెబుతాడు?

ఇంటర్ అయ్యాక ఇంకొకరు వస్తారు. ఆయన గురించి ఎవరూ రాయగా నేను చూడలేదు. బస్టాండు పక్కన నెట్ సెంటర్ నడిపే కుర్రవాడు. తెలంగాణలో 2016 నుంచి డిగ్రీ ప్రవేశాలు దోస్త్ అనే ఆన్‌లైన్ పద్ధతి ద్వారా జరుగుతున్నాయి. ఇంజనీరింగుకు, పాలిటెక్నిక్‌కు కూడా వెబ్ ఆప్షన్లే. పద్ధతి మంచిదే. ఒక్కో కాలేజీకీ తిరిగే బాధ తప్పింది, మెరిట్ ప్రకారం సీటు వస్తుంది. అయితే ఆ ఆప్షన్లు పెట్టేది ఎవరు?

ఖమ్మం వైపు ఒక అమ్మాయి సంగతి చెబుతాను. మా దగ్గర సీఈసీ చదివింది, మంచి మార్కులు. వెబ్ ఆప్షన్ల రోజు నెట్ సెంటర్‌కు వెళ్లింది. లోపల జిరాక్స్ మిషను, లామినేషన్ మిషను, రెండు కంప్యూటర్లు, గుమ్మం దాకా పిల్లలు. ఓటీపీ వచ్చే ఫోను తండ్రి దగ్గర, తండ్రి పనిలో. ఆయనకు ఫోన్ చేసి ఆ అంకెలు చదివించుకోవడానికే ఆమె వంతు సగం అయిపోయింది. వెనక వాళ్లు తోస్తున్నారు. "అన్నా, మంచి కాలేజీలు పెట్టు" అంది. అతను పాపం మంచివాడే, తనకు తెలిసిన పేర్లు పెట్టాడు, డబ్బులు తీసుకుని ప్రింటు ఇచ్చాడు. సీటు వేరే జిల్లాలో వచ్చింది. అక్కడ హాస్టల్ లేదు, రోజూ వెళ్లి రావడానికి బస్సు లేదు. ఆన్‌లైన్‌లో రిపోర్టింగ్ చేయాలని ఆమెకు తెలియదు, గడువు దాటింది, సీటు పోయింది. టీసీ కోసం మా ఆఫీసుకు వచ్చినప్పుడు ఈ కథంతా బయటపడింది. ఆ ఏడాది ఆమె తల్లితోపాటు మిరప కోతలకు వెళ్లింది. అదే ఏడాది వాళ్ల ఊరికి దగ్గర్లోని ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో బీకాం సీట్లు మిగిలిపోయాయి.

ఈ కథలో దుర్మార్గుడు ఎవరూ లేరు. ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్ ఇస్తోంది, కాలేజీ ఉంది, సీటు ఉంది, మార్కులు ఉన్నాయి. పక్కన కూర్చుని అరగంట మాట్లాడే మనిషి లేడు. మనం వేల కోట్లు ఖర్చు పెట్టి కట్టుకున్న ఏర్పాటంతా ఆ అరగంట దగ్గర తెగిపోతోంది.

ఈ మనిషి అవసరమని మనకు తెలియక కాదు. 1952–53లో మొదలియార్ కమిషన్ బహుళార్థ పాఠశాలలు పెట్టమంది, పిల్లలకు దారి చూపే అధికారులు ఉండాలంది. 1964–66 కొఠారీ కమిషన్ చదువుకూ పనికీ ముడి వేయాలంది. 1986 జాతీయ విద్యావిధానం పదో తరగతి దాటిన పిల్లల్లో 1990కల్లా 10 శాతం, 1995కల్లా 25 శాతం మందిని వృత్తి కోర్సుల్లోకి తేవాలని లెక్క కూడా రాసింది. ఆ గడువులు దాటిపోయాయి, మనం ఆ దరిదాపులకు రాలేదు. 2020 విధానం 2025కల్లా సగం మంది విద్యార్థులకైనా వృత్తివిద్య రుచి చూపించాలంది, ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు పది రోజులు సంచి లేకుండా బడికి వచ్చి వడ్రంగి దగ్గరో తోటమాలి దగ్గరో కుమ్మరి దగ్గరో కూర్చోవాలంది. మంచి మాటలు. నివేదికలు కోర్సుల గురించి, శాతాల గురించి చాలా మాట్లాడాయి. ప్రతి ఉన్నత పాఠశాలలోనూ ఈ పని తప్ప వేరే పని లేని ఒక మనిషిని కూర్చోబెట్టడం మాత్రం ఏ ప్రభుత్వమూ చేయలేదు.

ఆ మనిషి ఉంటే ఏం చెబుతాడు?

ముందుగా, దారులు ఎన్ని ఉన్నాయో చెబుతాడు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ ట్రేడులు రెండేళ్లు. అవి అయ్యాక 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద స్టైపెండుతో పని నేర్చుకోవచ్చు. పాలిసెట్ రాసి డిప్లొమాలో చేరితే మూడేళ్లు, ఆపైన ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో ఏడాదిలోకి. వ్యవసాయ విశ్వవిద్యాలయాలు నడిపే పాలిటెక్నిక్‌లు ఉన్నాయి. పల్లెటూరి పిల్లల కోసమే 2008లో ట్రిపుల్ ఐటీలు పెట్టారు. నూజివీడు, ఇడుపులపాయ, బాసర. పదో తరగతి మార్కులతోనే ప్రవేశం, ఆరేళ్ల చదువు ఒకేచోట. తాడికొండ, సర్వేల్ గురుకులాల తోవలో పుట్టిన రెసిడెన్షియల్ జూనియర్ కళాశాలలు ఉన్నాయి. ఇవి పత్రికల్లో ప్రకటనలుగా వస్తూనే ఉంటాయి. పత్రిక రాని ఇంటికి ఆ సంగతి ఎలా చేరుతుంది?

రెండోది, ఏ తలుపు మూసుకుంటే మళ్లీ తేలిగ్గా తెరుచుకోదో చెబుతాడు. దీని గురించి కాస్త ఎక్కువ మాట్లాడతాను. పదిహేనేళ్ల పిల్లవాడిని మనం ఎంపీసీ, బైపీసీ, సీఈసీ, హెచ్ఈసీ అని విడదీస్తాం. ఎంపీసీ తీసుకున్నవాడు బయాలజీ విడిగా పాసవకుండా నీట్ రాయలేడు. బైపీసీ పిల్లకు ఇంజనీరింగులో చాలా కోర్సులు మూసుకుపోతాయి. ఒకేషనల్ ఇంటర్ చేసినవాళ్లు అందరితో పాటు ఎంట్రన్సులు రాయాలంటే బ్రిడ్జి కోర్సు పాసవ్వాలి, ఆ సంగతి రెండో ఏడాది చివర్లో తెలిసి ఏడ్చిన పిల్లల్ని చూశాను. మరోవైపు, తెరిచి ఉన్న తలుపులు మూసి ఉన్నాయనుకునేవాళ్లు ఇంకా ఎక్కువ. లాయరవ్వాలంటే సీఈసీనే చదవాలనుకుంటారు. ఇంటర్ ఏ గ్రూపుతో పాసైనా లాసెట్ రాసి అయిదేళ్ల లా కోర్సులో చేరవచ్చు. బీఫార్మసీ బైపీసీ వాళ్లదే అనుకుంటారు, ఎంపీసీ వాళ్లకూ సీట్లు ఉన్నాయి. హెచ్ఈసీ చదివితే ఎందుకూ పనికిరారని ఊళ్లో ప్రచారం, సివిల్స్‌కు కావలసింది డిగ్రీ మాత్రమే. సెంట్రల్ యూనివర్సిటీలు 2022 నుంచి సీయూఈటీ ద్వారా పిల్లల్ని తీసుకుంటున్నాయి. ఆ పరీక్ష మన జూనియర్ కళాశాలల్లో సీఈసీ, హెచ్ఈసీ పిల్లలు ఎందరు రాస్తున్నారు? ఆ దరఖాస్తు నింపించే మాట అటుంచి, పేరు చెప్పేవాళ్లే లేరు.

ఎంపీసీ, బైపీసీలే చదువులనే నమ్మకం మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎంత బలంగా పాతుకుపోయిందంటే, లెక్కలంటే ఒళ్లు వణికే పిల్లవాడిని కూడా ఎంపీసీలో వేసి, తప్పితే వాడిదే తప్పంటాం. ఆ ఒత్తిడి ఎక్కడికి దారితీస్తుందో మనందరికీ తెలుసు. ఇంటర్ ఫలితాల వారం మన పత్రికలు తెరవాలంటే భయం. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక బాలిక మరణం కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులు ఉన్న సంస్థ శిక్షణ పొందిన కౌన్సెలర్‌ను పెట్టుకోవాలంది. మార్కుల్ని బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడదీయొద్దంది. ఈ మాట మన గడ్డ మీద జరిగిన విషాదం నుంచి పుట్టింది కాబట్టి దాన్ని అమలు చేయించే బాధ్యత అందరికన్నా ముందు మనది. ముందు వరుసలోని పిల్లలకు ఒకమాట: మనసు బరువెక్కినప్పుడు టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు.

మూడోది కాగితాల సంగతి. పెద్దలకు ఇది చిన్న విషయం అనిపించవచ్చు. బడి నుంచి బోర్డుకు పంపే పదో తరగతి నామినల్ రోల్‌లో పేరు ఎలా వెళ్తే జీవితాంతం అదే పేరు. ఎస్సెస్సీ మెమోలో పుట్టుమచ్చలు రెండు రాస్తారు, తండ్రి పేరు, పుట్టిన తేదీ రాస్తారు. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, మెమోలో వెనక. ఒకచోట 'లక్ష్మి', ఇంకోచోట 'మహాలక్ష్మి'. స్కాలర్‌షిప్ ఆగిపోతుంది, పాస్‌పోర్టు ఆగిపోతుంది, సరిచేయించుకోవడానికి బోర్డు చుట్టూ తిరగాలి. తొమ్మిదో తరగతిలో ఒక పీరియడు ఆధార్, బ్యాంకు పుస్తకం, బడి రిజిస్టరు పక్కపక్కన పెట్టి చూసుకుంటే ఆ తిరుగుడు తప్పుతుంది. కులం, ఆదాయం సర్టిఫికెట్లు జూన్‌లో అందరూ మీసేవకు పరిగెత్తకముందే తీసుకోవచ్చు.

ఇక పెద్దవాళ్లయ్యే సంగతి. 61వ రాజ్యాంగ సవరణతో పద్దెనిమిదేళ్లకే ఓటు వచ్చింది. అదే వయసులో సంతకానికి విలువ వస్తుంది, అప్పు పుడుతుంది, ఉద్యోగం వస్తుంది. వీటిలో చాలావాటి గురించి సిలబస్ చెప్పదు. ఇంటర్ పాసైన పిల్ల హైదరాబాద్ వచ్చి షాపింగ్ మాల్‌లో చేరితే, జీతంలోంచి ప్రావిడెంట్ ఫండ్‌కు 12 శాతం పోతుందని, అంతే మొత్తం యజమాని కూడా వేయాలని, నెల జీతం 21,000 లోపు ఉంటే ఈఎస్ఐ ఆస్పత్రి వాడుకోవచ్చని ఆమెకు ఎవరు చెప్పారు? ఉద్యోగం ఇప్పిస్తామని ముందే డిపాజిట్ కట్టించుకునే కన్సల్టెన్సీని నమ్మొద్దని ఎవరు చెప్పారు? చదువు అప్పు 7.5 లక్షల దాకా ఆస్తి తాకట్టు లేకుండా బ్యాంకులో దొరుకుతుందని తెలియక ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన తండ్రులు నాకు తెలుసు. నూటికి మూడంటే నెలకు. ఏడాదికి 36 శాతం.

జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమ నుంచి గల్ఫ్‌కు వెళ్లే కుర్రవాళ్లకు ఇంకో సంగతి తెలియాలి. పదో తరగతి పాసైతే పాస్‌పోర్టు మీద ఎమిగ్రేషన్ చెక్ అక్కర్లేదు. దాన్ని సౌకర్యం అనుకుంటారు. 1983 చట్టం పెట్టిన ఆ తనిఖీ తక్కువ చదువుకున్న కూలీకి రక్షణ: వెళ్లే ముందు ఒప్పందం, యజమాని వివరాలు ప్రభుత్వం చూస్తుంది. పాసైనవాడికి ఆ చూపు ఉండదు. అంటే వాడే చూసుకోవాలి. ఏజెంటు రిజిస్టరైనవాడా కాదా అన్నది ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో కనిపిస్తుంది. ఫోన్ ఉన్న ప్రతి పిల్లవాడూ అది రెండు నిమిషాల్లో చూడగలడు, చూడాలని తెలిస్తే. ఆ ప్రాంతాల బడుల్లో పదో తరగతి వదిలే ముందు ఒక్క పూట దీనికి కేటాయించలేమా?

ఆడపిల్లల సంగతి చెప్పకుండా ఈ మాటలు ముగించలేను. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20–24 ఏళ్ల స్త్రీలలో పద్దెనిమిది నిండకముందే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. విద్యాహక్కు చట్టం పద్నాలుగేళ్లతో ఆగిపోతుంది. పద్నాలుగుకూ పద్దెనిమిదికీ మధ్య ఆ పిల్ల మీద హక్కు ఎవరిదీ అంటే, ఇంట్లో ముందుగా నోరు తెరిచినవాళ్లదే అవుతోంది. పదో తరగతి ఫలితం వచ్చిన రోజుకూ కాలేజీ తెరిచే రోజుకూ మధ్య వేసవి ఉంటుంది. పెళ్లి సంబంధాలు వచ్చేది ఆ వేసవిలోనే. "చూద్దాం, ఎక్కడ చేర్చాలో తేలలేదు" అన్న ఇంట్లోనే సంబంధం ఖాయమవుతుంది. ఫలానా హాస్టల్‌లో సీటు వచ్చింది, ఫలానా తేదీన చేరాలి అని కాగితం చేతిలో ఉన్న పిల్లకు తండ్రితో వాదించడానికి ఒక ఆధారం ఉంటుంది. ఆ కాగితం మే నెలలోనే ఆమె చేతిలో ఉండాలి. అది తేవాల్సింది బడి.

ఇదంతా ఉపాధ్యాయుల మీద ఇంకో బరువు కాదా అని అడగవచ్చు. అవును, బరువే. సర్వేలు, యాప్‌లు, ఫొటోలు, ఎన్నికల విధులతో ఇప్పటికే సతమతమవుతున్న హైస్కూలు టీచర్‌కు ఉత్త సర్క్యులర్ పంపితే ఏమీ జరగదు. బడికి ఒకరిని ఎంచుకోవాలి, వారంలో కొన్ని పీరియడ్లు తగ్గించాలి, శిక్షణ ఇవ్వాలి, జిల్లాలోని కాలేజీలూ ఐటీఐలూ చూసి రావడానికి ప్రయాణ ఖర్చు ఇవ్వాలి. ఇంజనీరింగ్ చదివిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి వచ్చి స్ఫూర్తినిచ్చే ప్రసంగం చేస్తే సరిపోతుందని చాలా బడులు అనుకుంటున్నాయి. పిల్లలకు అంతకన్నా పనికొచ్చేది రెండేళ్ల కిందట అదే బెంచీ మీద కూర్చుని, ఇప్పుడు పాలిటెక్నిక్‌లోనో నర్సింగ్‌లోనో ఉన్న అక్క. మెస్ ఎలా ఉంటుంది, ఇంగ్లిష్ పాఠం మొదట్లో అర్థం కాకపోతే ఏం చేసింది, స్కాలర్‌షిప్ ఏ నెలలో పడింది అన్నది ఆమె చెబితేనే నమ్ముతారు.

ఒక్క కోరిక కోరి సెలవు తీసుకుంటాను. మన హెడ్మాస్టర్లను ఎవరినైనా అడగండి, నిరుడు పదో తరగతిలో ఎంతమంది పాసయ్యారో దశాంశంతో సహా చెబుతారు. పాసైనవాళ్లు సెప్టెంబరులో ఎక్కడున్నారని అడిగితే చెప్పలేరు, ఎందుకంటే ఆ ప్రశ్న వాళ్లను పై అధికారులు ఎవరూ అడగలేదు. తప్పినవాళ్ల సంగతి సరేసరి, వాళ్లు సప్లిమెంటరీ రాశారో లేదో, ఓపెన్ స్కూల్‌లో చేరారో లేదో ఎక్కడా ఉండదు. ప్రతి ఉన్నత పాఠశాలలోనూ ఒక రిజిస్టరు పెట్టాలి. పదో తరగతి వదిలిన ప్రతి పిల్ల పేరు, ఆ ఏడాది సెప్టెంబరులో ఎక్కడుంది, మరుసటి సెప్టెంబరులో ఎక్కడుంది, మూడో సెప్టెంబరులో ఎక్కడుంది. ఖాళీగా మిగిలిన గడి కనిపిస్తే ఆ ఇంటికి ఒక ఫోన్. మండల విద్యాధికారి తనిఖీకి వచ్చినప్పుడు పాస్ శాతంతోపాటు ఈ రిజిస్టరు కూడా చూడాలి. ఇక్కడ హెడ్మాస్టర్లు చాలామంది ఉన్నారు. మీ బడిలో నిరుడు వెళ్లిన పిల్లల పేర్లు, ఫోన్ నంబర్లు ఆఫీసు బీరువాలోనే ఉన్నాయి. దీనికి జీవో వచ్చేదాకా ఆగనక్కర్లేదు, సోమవారమే మొదలుపెట్టవచ్చు.